చక్కెరతో గీసిన మైదానం

శనివారం పొద్దున మా వంటింట్లోంచి గుడ్డు తెల్లసొన, నిమ్మరసం, మెత్తని చక్కెర కలిసిన వాసన వస్తుంది. ఎనభై దాటిన ముసలిదాన్ని, పొయ్యి మీద కూర మాడినా తెలియని స్థితికి వచ్చాను, ఈ వాసన మాత్రం గోడ అవతల ఉన్నా నన్ను లేపి కూర్చోబెడుతుంది. మా అన్న మనవరాలు పావని వారమంతా ఆఫీసు బస్సెక్కి గచ్చిబౌలి వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుంటుంది. సెలవు రోజుల్లో ఇంట్లోనే పుట్టినరోజు కేకులు చేసి ఇస్తుంది. ఒకరికి క్రికెట్ పిచ్, ఒకరికి షటిల్ కోర్టు, ఇంకొకరికి బాక్సింగ్ గ్లవుజులు. ఈ కాలం పిల్లలకు ఆడుకునే తీరిక లేదు గాని, కేకు మీద మాత్రం ఆట ఉండి తీరాలి. మొన్న ప్రగతి నగర్‌లో ఎవరి అబ్బాయికో ఫుట్‌బాల్ మైదానం కావాలన్నారట. పచ్చరంగు మీద తెల్ల గీతలు గీస్తూ పిల్ల నన్ను పిలిచింది. "నానమ్మా, జర చూడవా, ఈ గీత ఎటో పోతుంది" అంది. నేను చక్కెర ముద్ద నింపిన కాగితపు పొట్లం తీసుకుని, ఊపిరి బిగబట్టి, నడిగీత ఒక్క లాగుడులో గీసి ఇచ్చాను. అది నోరు తెరిచి, "ఎవరు నేర్పిన్రు నీకు?" అంది. సత్తెమ్మక్క అన్నాను. "ఆమె ఎవరు?" అంది. దాని తప్పేం లేదు, దానికెలా తెలుస్తుంది? అయినా నాకు ఒళ్ళు మండింది. సత్తెమ్మక్క ఎవరని అడిగే ఇంట్లోనా నేను ఇన్నేళ్ళు ఉన్నది అనిపించింది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మా ఊరు నానక్‌రామ్‌గూడ అప్పుడు ఒట్టి పల్లె. ఇప్పుడు షేర్ ఆటోలు వరుసగా నిలిచి జనాన్ని పిలిచే చోట జొన్నచేలు, వాటి వెనుక రాళ్ళ గుట్టలు ఉండేవి. మా ఇంటి గోడ, సత్తెమ్మక్క ఇంటి గోడ ఒకటే. పొట్టి మనిషి, గట్టి గొంతు, నడకలో ఎప్పుడూ తొందర. నలభై ఏళ్ళుంటాయేమో. చాలా ఏళ్ళు బొల్లారంలో ఒక దొర ఇంట్లో పిల్లలను చూసుకునే ఆయాగా పనిచేసింది. దొరలు మూటాముల్లె సర్దుకుని దేశం విడిచి వెళ్ళినప్పుడు ఆ దొరసాని ఈమెకు ఒక రేకు పెట్టె, నాలుగైదు ఇనుప గొట్టాలు ఇచ్చిపోయింది. పెట్టె కింద నిప్పులు, మూత మీద నిప్పులు పోస్తే లోపల కేకు ఉడికేది. గొట్టాల్లోంచి చక్కెర ముద్దను పిండితే గీతలు, పువ్వులు వచ్చేవి. ఆమె భర్త మల్లయ్య బావ గోలకొండ వైపున్న ఫౌజు మైదానంలో మాలీ. గడ్డికి నీళ్ళు పెట్టడం, ఆటల రోజున సున్నంతో గీతలు గీయడం ఆయన పని. పోలీస్ యాక్షన్ అయిపోయాక ఆ పక్క బంగళాల్లోకి కొత్త ఆఫీసర్లు వచ్చారు. వాళ్ళ పిల్లలు సాయంత్రం ఆ మైదానం చుట్టూ తిరిగేవాళ్ళు, పుట్టినరోజుకు కేకు మీద హాకీయో టెన్నిసో కావాలని గోల చేసేవాళ్ళు. మల్లయ్య బావ ఊరుకోక, మా ఇంటామె చేస్తది అని చెప్పాడు. అలా మొదలైంది. చక్కెర కరువు రోజులు కనుక చక్కెర, మైదా బంగళాల నుంచే వచ్చేవి. మా ఊళ్ళో మాత్రం పుట్టినరోజు చేసుకున్న మనిషిని నేను అంతవరకు చూడలేదు.

ఇక నా సంగతి చెప్పాలి, చెప్పకపోతే ముందరి కథ అర్థం కాదు. నాకు పదిహేడేళ్ళకు పెళ్ళయింది. మరుసటి ఏడే నా భర్త మోట దగ్గర పాము కరిచి పోయాడు. గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, అత్తవారు నన్ను పుట్టింటికి పంపించారు. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. ఒక్క మాట మాత్రం అంది, "ముగ్గు నువ్వెయ్యకు బిడ్డా." ఊళ్ళో నా ముగ్గుకు పేరుండేది. ఎవరింట్లో పెళ్ళయినా పందిట్లో ముగ్గుకు శాంతను పిలవండి అనేవాళ్ళు. ఆనాటి నుంచి అమ్మ రోజూ పొద్దున్నే తన వంకర చేతితో నాలుగు గీతలు గీకేది, నేను దర్వాజ లోపల నిలబడి చూసేదాన్ని. చుక్క ఒకచోట, గీత ఒకచోట. ఏడుపు, కోపం కలిసి వచ్చేవి. ఒకరోజు ఆపుకోలేక గట్టిగా ఏడ్చాను. గోడ అవతల సత్తెమ్మక్క పిడకలు సర్దుతూ విన్నది.

ఆ సాయంత్రమే మా అమ్మ దగ్గరికి వచ్చి, "వదినె, నీ బిడ్డను జర నా దగ్గరికి పంపు. నా వేళ్ళు పట్టేస్తున్నయి, గీత సక్కగ వస్తలేదు" అంది. అమ్మ బిత్తరపోయింది. "దీన్నా? నువ్వు జేసేది పిల్లల పుట్టినరోజుల పని. దీని చెయ్యి పెట్టిస్తవా?" అంది, నేను అక్కడే ఉన్నానన్న సంగతి కూడా మరిచిపోయి. సత్తెమ్మక్క తడుముకోలేదు. "గది ముగ్గు గాదు వదినె, చక్కెర. చక్కెర గియ్యొద్దని ఎవ్వరన్న చెప్పిన్రా?" అంది. చక్కెర గీతల గురించి మా పెద్దలెవరూ ఏ కట్టుబాటూ పెట్టి ఉండలేదు మరి, వాళ్ళు చూస్తే గదా పెట్టడానికి! మర్నాడు నేను గోడ పక్క నుంచి ఆ ఇంట్లోకి వెళ్ళాను.

ఆమె దగ్గర పని నేర్చుకోవడం తేలిక కాదు. చక్కెరను ఇసుర్రాయిలో విసిరి, మల్లు గుడ్డలో జల్లించాలి. ఒక్క పలుకు మిగిలినా గొట్టం మూసుకుపోతుంది. "నోట్లేసుకో. పంటికి తగిలిందా? మళ్ళ ఇసురు" అనేది. పాలకూర దంచిన రసంలో కొబ్బరి తురుము నానబెట్టి ఆరబెడితే గడ్డి అయ్యేది. గీత గీసేటప్పుడు నేను నా చేతినే చూసుకుంటుంటే నెత్తి మీద మొట్టేది. "చెయ్యిని సూడకు, గీత పోయి ఆగే జాగను సూడు. చెయ్యి దానంతట అదే పోతది." నోరు చెడ్డది, మనసు మంచిది అని రాస్తే అందరి గురించీ అదే రాస్తారు. సత్తెమ్మక్క నోరు నిజంగానే చెడ్డది, మనసు కూడా అన్ని రోజులూ మంచిగా ఉండేది కాదు. పని చెడితే రెండు రోజులు ముఖం ముడుచుకుని కూర్చునేది. కాని పని బాగుంటే దాచుకోకుండా చెప్పేది, చుట్టుపక్కల పదిమందిని పిలిచి చూపించేది.

ఆమె పద్ధతి ఒకటుండేది. చూడని ఆటను కేకు మీద గీయనిచ్చేది కాదు. మొదటిసారి హాకీ మైదానం కావాలని వచ్చినప్పుడు, "నాకేం తెలుసక్కా, బావ చెప్తే గీస్తాను" అన్నాను. "చెప్తే గీసేది పటం. ఆట గాదు. నడువు" అని నన్ను బయలుదేరదీసింది. భర్త పోయాక నేను ఊరు దాటడం అదే మొదలు. కొంగు నెత్తి మీదికి లాక్కుని, మైదానం అంచున సున్నం బస్తాల వెనుక కూర్చున్నాను. మల్లయ్య బావ తాడు పట్టుకుని, చిల్లుల డబ్బాతో సున్నం చల్లుతూ గీతలు గీస్తున్నాడు. ఆయన మెత్తని మనిషి, మాట తక్కువ. "ఇది మధ్యగీత. గిది గుండ్రం, గీ గుండ్రం లోపటికెల్లి కొడితేనే గోలు" అని చూపించాడు. తరువాత ఆట మొదలైంది. అంతంత పెద్ద మగవాళ్ళు నిక్కర్లు వేసుకుని చిన్న బంతి వెంట పడి ఒకరి మీద ఒకరు పడుతుంటే నాకు నవ్వు ఆగలేదు. నవ్వి, నవ్వినందుకు భయపడి సత్తెమ్మక్క వైపు చూశాను. ఆమె నాకన్నా ఎక్కువ నవ్వుతోంది. ఆ ఏడాదిలో నేను నవ్వింది అదే మొదటిసారి అని ఇంటికి వచ్చాక తెలిసింది.

ఆ కేకు మీద గీతలన్నీ సరిగ్గా వచ్చాయి. అయితే చివర ఒక పొరపాటు చేశాను. ముగ్గు పూర్తయ్యాక నడుమ చిటికెడు పసుపు కుంకుమ పెట్టడం మాకు చిన్ననాటి అలవాటు. చెయ్యి దాని పాటికది పోయి, బీట్‌రూట్ రసం కలిపిన చక్కెర తీసుకుని మైదానం నడుమ ఎర్రగా ఒక చుక్క పెట్టేసింది. పెట్టాక గాని నేను ఏం చేశానో నాకు తెలియలేదు. ఎరుపును ముట్టుకుని ఏడాది దాటింది. సత్తెమ్మక్క చూసింది. తరువాత మొగుణ్ణి పిలిచి, "నడుమ ఎర్రది ఉంటదా?" అని అడిగింది. ఆయన తల గోక్కుని, "ఉండదు. అంత సున్నమే" అన్నాడు. "ఉండకుంటే ఉండనియ్యి. మంచిగనే ఉన్నది" అని ఆమె మూత పెట్టేసింది. ఆ బంగళా పిల్లలకు ఆ చుక్కే నచ్చిందట. ఆ తరువాత వచ్చిన వాళ్ళంతా నడుమ ఎర్ర చుక్క కావాలని అడిగారు. టెన్నిస్ కోర్టు మీద కూడా అడిగారు, వాళ్ళ తెలివి అలా ఉండేది.

ఆ బంగళాల్లో కోస్తా నుంచి వచ్చిన ఒక ఆఫీసరు కుటుంబం ఉండేది. ఆయన తల్లి పెద్దావిడ, మనిషి చాలా మంచిది. మా కేకు చూసి, ఈ గీతలు గీసిన చెయ్యి తప్పకుండా ముగ్గు చెయ్యే అని పట్టేసింది. "ఆ అమ్మాయిని ఒకసారి తీసుకురా సత్తెమ్మా, పసుపు కుంకం ఇచ్చి పంపిస్తాను" అని చెప్పి పంపేది. సత్తెమ్మక్క ఏదో ఒక సాకు చెప్పి తప్పించేది. ఆవిడ మనవడి పుట్టినరోజుకు టెన్నిస్ కోర్టు కావాలన్నారు. నడుమ వల ఉండాలి. దారాన్ని చక్కెర పాకంలో ముంచి ఆరబెట్టి వల అల్లాను. అది దారి కుదుపులకు ఆగదు, అక్కడికి వెళ్ళాకే నిలబెట్టాలి. సత్తెమ్మక్క వేళ్ళతో అది అయ్యే పని కాదు. గత్యంతరం లేక నేనూ వెళ్ళాను. వెనుక వరండాలో తల దించుకుని వల నిలబెడుతున్నాను, ఇంతలో ఆవిడ వెండి కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. "నువ్వేనా తల్లీ? ఏదీ, తలెత్తు" అంది. నేను తల ఎత్తాను. కొంగు జారింది. ఆవిడ వేలి మీద కుంకుమ అలాగే ఉండిపోయింది.

"అయ్యో రామా" అంది మొదట, నాకోసమే అంది, ఆ గొంతులో జాలి ఉంది. తరువాత ఆ చూపు కేకు మీదికి పోయింది. "ఎంత పని చేశావు సత్తెమ్మా! పిల్లాడి పుట్టినరోజు పూట... ముందే చెప్పొద్దూ?" సత్తెమ్మక్క, "అడిగితే చెప్తుంటి తల్లి. ఎవ్వరు అడగలే" అంది. పెద్దావిడ నా వైపు తిరిగి, "నీ మీద నాకేం కోపం లేదమ్మా. ఒక్కగానొక్క మనవడు. నాకు భయం, అంతే. తప్పుగా అనుకోకు" అంది. కళ్ళ నీళ్ళు కూడా పెట్టుకుంది. కేకును మళ్ళీ పెట్టెలో పెట్టి మాకే ఇచ్చేశారు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టిన వాళ్ళ మీద కోపం తెచ్చుకోవచ్చు. ఏడ్చిన వాళ్ళను నేనేం చేయను?

తిరిగి నడుస్తుంటే రాళ్ళ గుట్టల దగ్గర, "ఇగ నేను రానక్కా" అన్నాను. సత్తెమ్మక్క నెత్తి మీది పెట్టె దించి, ఒక బండ మీద కూర్చుని, మూత తీసి కోర్టు మూల ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుంది. ఇంకో ముక్క నా చేతిలో పెట్టింది. "తిను. మంచిగున్నది" అంది. నేను ముక్క చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. అప్పుడంది, "నాకు భయం లేదనుకుంటున్నవా? ఆ ముసలామె భయమే నా భయం గూడ. ముగ్గురిని కన్న. ఇద్దరిని మన్నుల పెట్టిన. ఉన్నది గీ ఒక్క నలుసు." మరి నన్నెందుకు పనిలో పెట్టుకున్నావని అడిగాను. "నీ గీత మంచిగుంటది. పక్కింట్ల పిల్ల ముగ్గు చూసుకుంట ఏడుస్తుంటే విననీకి నాకు మనసొప్పలే. గంతే. ధైర్యముండి పెట్టుకోలే" అంది. తరువాత పెట్టె మూత వేస్తూ, నా వైపు చూడకుండా, "బోనాల తెల్లారి మా యాదిగాని పుట్టినరోజు. వాడు పానం తింటున్నడు, అందరికి చేస్తరు నాకెందుకు చెయ్యరని. ఆ కేకు నువ్వే చెయ్యాలె. నేను ఒక్క గీత గూడ గియ్య" అంది. వద్దక్కా, నాకు భయమైతుంది అన్నాను. "నాకు గూడ అయితుంది. చెయ్యి" అంది.

యాదగిరికి పదేళ్ళు. బడి కన్నా తండ్రి పనిచేసే మైదానమే వాడికి ఎక్కువ ఇష్టం. గుడ్డపేలికలు చుట్టి తాడుతో కట్టిన బంతిని ఇంట్లో, వాకిట్లో, మా అమ్మ ఆరబెట్టిన వడియాల మీదుగా తన్నుకుంటూ తిరిగేవాడు. ఫుట్‌బాల్ మైదానమే కావాలన్నాడు, గోలు కొయ్యలు చీపురు పుల్లలతో తానే చేసి తెచ్చాడు. నేను ఆ కేకు చేసినంత శ్రద్ధగా జన్మలో ఇంకే పనీ చేయలేదు. తెల్లవారి దాన్ని వాకిట్లో పీట మీద పెట్టడానికి వెళ్ళినప్పుడు ఎండుమిరపకాయలు కాల్చిన ఘాటు వచ్చింది. యాదగిరి చేతికి కొత్త నల్లదారం ఉంది. నేను దాన్ని చూడటం సత్తెమ్మక్క చూసింది. "దిష్టి తీసిన. దారం కట్టిన. తప్పా?" అంది, కయ్యానికి వచ్చినట్టు. లేదక్కా అన్నాను. "నువ్వు చేసేది నువ్వు చేసినవు, నేను చేసేది నేను చేసిన" అంది. నాకు గుచ్చుకోలేదంటే అబద్ధం. కాని నాకోసం భయం లేనట్టు నటించనందుకు ఆమె మీద గౌరవం కూడా కలిగింది.

యాదగిరి కత్తి పట్టుకుని చాలాసేపు కేకు ముందు కూర్చున్నాడు. "అమ్మా, కోస్తే ఆట ఖతం అయితది గదా?" అన్నాడు. తండ్రి వచ్చేదాకా ఎవరినీ ముట్టనివ్వలేదు. మల్లయ్య బావ వచ్చి మైదానం నాలుగు పక్కలా చూసి, "గీతలు నాకంటె మంచిగ కొట్టినవు బిడ్డా" అన్నాడు. అప్పుడు వాడు గోలు ఉన్న మూల కోసి, మొదటి ముక్క తెచ్చి అందరి ముందూ నా నోట్లో పెట్టాడు. "శాంతక్క చేసింది గదా, శాంతక్కకు మొదలు" అన్నాడు. వాకిట్లో ఆడవాళ్ళ మాటలు ఒక్కసారి ఆగిపోయాయి. సత్తెమ్మక్క ముఖంలో రంగు మారింది, అయినా ఆపలేదు. మిగిలిన ముక్కలు ఊరి పిల్లలంతా తిన్నారు.

వానలు ముదిరాక ఊళ్ళో విషజ్వరాలు వచ్చాయి. యాదగిరి పడ్డాడు. మొదట కషాయాలు పోశారు, తరువాత బండి కట్టి పట్నం దవాఖానకు తీసుకుపోయారు. అక్కడే పోయాడు. ఇంతకన్నా దీని గురించి నేను రాయలేను, ఇన్నేళ్ళయినా చేత కావడం లేదు. శవాన్ని తెచ్చిన రోజు నేను వాళ్ళ వాకిట్లోకి వెళ్ళాను. వెళ్ళకుండా ఎలా ఉంటాను? వెనుక ఎవరో అన్నారు, "ముండమోపి చేతి కేకు తిన్నడు, ఇంకేం బతుకుతడు." నాకు ఆ మాట కాదు తగిలింది. సత్తెమ్మక్క నన్ను చూసింది. చూసి ముఖం గోడ వైపు తిప్పుకుంది. నేను అక్కడి నుంచి వచ్చేశాను.

ఆ తరువాత నేను నా చేతులను నమ్మలేదు. ఊరు అనుకుంటే ఊరి ఖర్మ అని ఊరుకునేదాన్నేమో. ఆమె కూడా అనుకుంటోందంటే అది నిజమే అయి ఉంటుందని నాకు ఖాయమైపోయింది. అప్పటికి మా వదిన ప్రసవించి మూడు నెలలు. మగపిల్లవాడు, మా పావని తండ్రి వాడే. నేను వాణ్ణి ఎత్తుకోవడం మానేశాను. నీళ్ళు పోసేటప్పుడు అవతలికి పోయేదాన్ని. వదిన, అమ్మ చేనికి పోతే వాణ్ణి చూసుకోవడం నా మీద పడేది. చీర కట్టిన తొట్టెలకు తాడు కట్టి, ఆ తాడు కొస నా కాలికి ముడివేసుకుని, దూరంగా గోడకు ఆనుకుని కూర్చుని కాలుతో ఊపేదాన్ని. చెయ్యి తగలకూడదు, అంతే. వాడు ఏడిస్తే ఇంకా గట్టిగా ఊపేదాన్ని. వదినకు అర్థమయ్యే ఉంటుంది, ఆమె కూడా ఎత్తుకో అని ఎన్నడూ అనలేదు.

దసరా దాటాక ఒక మధ్యాహ్నం సత్తెమ్మక్క వచ్చింది. అన్ని రోజుల తరువాత అదే ఆమెను దగ్గరగా చూడటం. సగం మనిషి అయిపోయింది. పిల్లవాడు తొట్టెల్లో గుక్కపట్టి ఏడుస్తున్నాడు, నేను కాలుతో ఊపుతున్నాను. ఆమె దర్వాజలో నిలబడి తొట్టెలను, తాడును, నా కాలును చూసింది.

"ఏందే గది?" అంది.

"ఏడుస్తున్నడు" అన్నాను.

"ఎత్తుకోరాదు?"

నేను కాలుతో ఇంకా గట్టిగా ఊపాను. ఆమె ఇంకొకసారి అడిగింది. "నా చెయ్యి మంచిది గాదక్కా" అన్నాను.

ఆమె లోపలికి వచ్చి నా ముందు నేల మీద కూలబడింది. "నేను గూడ గట్లనే అనుకున్న" అంది. "దవాఖానల పిలగాని పక్కన కూసోని నిన్నే తిట్టుకున్న. నీ చెయ్యి ఇరిగిపోవాలె అనుకున్న. ఒకరు చెప్తే వినుడెందుకు, నా నోటితోనే విను." నాకు ఏడుపు రాలేదు. తల ఊపాను. ఆమె ఊపిరి తీసుకుని మళ్ళీ అంది, "మొన్న పొయ్యికాడ కూసుంటే మొదటి ఇద్దరు యాదికొచ్చిన్రు. వాళ్ళను గూడ గీ జ్వరమే కొంచవోయింది. అప్పుడు నువ్వేడున్నవే? నువ్వు గిట్లనే తొట్టెల్ల ఉన్నవు. వాళ్ళు ఎవరి చేతి కేకు తిన్నరు? ఎవ్వరిది తినలే. నా చేతి జొన్న గటక తిన్నరు. మరి నా చెయ్యి ఇరగాల్నా?"

పిల్లవాడి ఏడుపు ఎక్కువైంది. నేను ఆమె ముఖంలోకి చూసి, "నీకు నిజంగ గట్లనే అనిపిస్తుందా అక్కా? నా చేతిల ఏం లేదని?" అని అడిగాను. ఆ ఒక్క మాట మీదే నా బతుకు ఉంది. ఆమె అబద్ధం చెప్పినా నేను తీసుకునేదాన్ని. ఆమె చెప్పలేదు.

"పూరా అనిపిస్తలేదు" అంది. "సగం అనిపిస్తుంది. పూరా అనిపించేదాక కూసుంటే గీ పిలగాడు ఏడ్చి ఏడ్చి అలిసిపోతడు. సగం చాలు. ఎత్తుకో."

నా కాలి తాడు ముడి ఆమే విప్పింది. ఆ పట్టేసిన వేళ్ళకు ముడి తొందరగా రాలేదు, పళ్ళు కూడా వాడింది. తరువాత తొట్టెల్లోంచి వాణ్ణి తీసి నా చేతుల్లో పెట్టింది. పెట్టి వెంటనే వదల్లేదు, కాసేపు కింద తన చేతులు ఉంచింది. వాడు వెక్కుతూ నా రవిక పట్టుకున్నాడు. మేమిద్దరం అప్పుడు ఏడ్చాం. ఎవరు ఎవరి కోసం ఏడ్చామో చెప్పలేను.

మర్నాడు పొద్దున ఆమె గోడ అవతల నుంచి, "శాంతా, చక్కెర ఇసరాలె, వస్తవా రావా?" అని కేక వేసింది. హాకీ మైదానం ఒకటి కావాలన్నారట. దాన్ని ఇవ్వడానికి వెళ్ళినప్పుడు ఆమె బంగళా మెట్ల మీద పెట్టె దించకముందే చెప్పింది, "గీసిన పిల్లకు మొగడు లేడు. ఇష్టముంటే తీసుకోండ్రి, లేకుంటే మేమే తింటం." అప్పటి నుంచి ప్రతి ఇంటి ముందూ ఆ మాట చెప్పాకే పెట్టె దించేది. కొందరు తీసుకున్నారు, కొందరు తలుపు వేసుకున్నారు. టెన్నిస్ కోర్టు వెనక్కి పంపిన పెద్దావిడ మళ్ళీ పిలవలేదు. వెనక్కి వచ్చిన కేకులను మేం నిజంగానే తిన్నాం, ఊరి పిల్లలకు పెట్టాం. వాళ్ళ తల్లులలో కొందరు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఫుట్‌బాల్ మైదానం అడిగితే మాత్రం సత్తెమ్మక్క గొట్టం నా చేతికిచ్చి బయటికి వెళ్ళి కూర్చునేది. నేను గీసి మూత పెట్టాక లోపలికి వచ్చేది. బతికినన్నాళ్ళూ అంతే.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. నా మీద నాకు నమ్మకం ఇచ్చిన మనిషి అని ఆమె గురించి రాయాలని కూర్చున్నాను గాని, అలా రాస్తే తప్పవుతుంది. ఆమె దగ్గర ఉన్నది సగమే, అదే ఇచ్చింది. మిగతా సగం కాలంతో పాటు వస్తుందనుకున్నాను. మా ఇంట్లో ఇద్దరు ముగ్గురు కాదు, మూడు తరాల పిల్లలు నా చేతుల మీద పెరిగారు, ఎందరి పుట్టినరోజులకో కేకులు చేశాను, అందరూ చల్లగా ఉన్నారు. అయినా అది పూరా కాలేదు. ఇప్పటికీ ఏ పిల్లవాడి కేకు మీదైనా మొదటి గీత మొదలుపెట్టే ముందు నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆగనిస్తాను. తరువాత గీస్తాను.